పాతగుడ్డ – ఊరి అంగడి

అన్నవస్త్రములని జంటగా పలుకుట మన భాషకు సహజము. అన్నమును గూర్చి మన రైతు సోదరులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. వడ్లు ఏ చేన పండెనో, ధర యేల పెరిగెనో, ఎవరి చేతులు మారి బజారు చేరెనో వారెఱుగుదురు. వస్త్రము విషయమున మాత్ర మీ యెఱుక నానాటికి సన్నగిల్లుచున్నది. ఒంటిపైనున్న చొక్కా ఏ నూలుతో నేయబడినదో, ఎవరు కుట్టిరో, దానికై చెల్లించిన రూపాయి ఏ యూరు చేరెనో చెప్పగలవారు మనలో అరుదు. ఈ యెఱుగమి వలన నష్టపడువారు దూరదేశస్థులు కారు; మన వీధిలోని వారే. ఈ సంగతిని గరివిడి వంటి యొక చిన్న పట్టణమును ముందిడుకొని పాఠకులతో విచారింప దలచితిమి.

గరివిడి హౌరా–మద్రాసు రైలుమార్గమున విజయనగరమునకు ఉత్తరముగా, చీపురుపల్లికి చేరువలో నున్నది. మాంగనీసు గనులకు పేరువడిన సీమ యిది. 1950 దశకమున ఫెర్రో అల్లాయిస్ కర్మాగారము వెలయగా దాని నంటి శ్రీరామనగరము పెరిగెను. చుట్టుపట్ల పల్లెలలో వరి, గోగు, మొక్కజొన్న పండును. పండినది చాలక కూలికై విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు పోవు కుటుంబములు పెక్కులు గలవు. వారు సంక్రాంతికి తిరిగివచ్చునపుడు చేతనున్న సొమ్ములో మొదటి భాగము క్రొత్తబట్టలకే పోవును. ఆ సొమ్ము ఊరిలో నిలిచి నలుగురిని పోషించుచున్నదా, వచ్చిన త్రోవనే మరల వెడలిపోవుచున్నదా యనునదే నేటి మా ప్రశ్న.

అంగడి చుట్టు నున్న బ్రదుకులు

ఇట్టి యూరిలో బట్టల అంగడి యనగా నేమి? పరుపుమీద కూర్చున్న యజమాని, బీరువాలలో తానులు, రవికె ముక్కలు, పంచెల చాపులు. పైకి కనబడున దింతే. దాని నానుకొని బ్రదుకువారిని లెక్కించి చూడుడు. గుడ్డ కొన్నవాడు దర్జీ నొద్దకు పోవలెను. చీర కొన్న యిల్లాలు దానికి ఫాలు కుట్టు స్త్రీ నొద్దకు పోవలెను. కాజాలు కుట్టువారు, గుండీలు, దారపుండలు అమ్మువారు, ఇస్త్రీపెట్టె పెట్టువారు వేరుగా నున్నారు. ఒక కుట్టుయంత్రమును వాకిట పెట్టుకొని సంసారము నీడ్చుకొని వచ్చు వితంతువు ప్రతి వీధియందును కనబడును. అంగట పడిన రూపాయి ఈ చేతులన్నియు తాకి గాని ఊరు దాటదు.

అంగడివానికి మఱియొక గుణము గలదు. కొనువాని ఇల్లెఱుగును, పంట ఎప్పుడు చేతికి వచ్చునో యెఱుగును. పెండ్లికి కావలసిన చీరలు ముందిచ్చి ధాన్యము అమ్మిన పిమ్మట సొమ్ము పుచ్చుకొను పద్ధతి మన పల్లెల కేమి క్రొత్తది? రంగు వెలిసినచో తెచ్చి చూపుటకు, నిలదీసి యడుగుటకు ఒక మనుష్యు డున్నాడు. దర్జీ సంగతియు నట్టిదే. ఎదుగు పిల్లవానికి లాగు కుట్టునపుడు తెలిసిన దర్జీ అంచున రెండంగుళములు లోనికి మడిచి విడిచిపెట్టును. మరుసటేడు ఆ మడత విప్పినచో అదే లాగు మఱియొక యేడు వచ్చును. కర్మాగారమున వేలకొలది కుట్టబడు దుస్తులలో ఈ మడత ఉండదు. ఆ రెండంగుళముల గుడ్డను మిగిల్చుటయే వారికి లాభము. అది లేకపోవుటయే మనకు నష్టము.

విజయనగరమందలి పెద్ద మాళిగలును, చేతిలోని ఫోనున ఒక్క వ్రేలితో తెప్పించుకొను వ్యాపారమును ఈ అంగళ్లకు పోటీగా వచ్చియున్నవి. వానియందు సుగుణములు లేవని మేమనము. ధర ముందే తెలియును, రకములు పెక్కు, నచ్చనిచో త్రిప్పి పంపవచ్చును. ఊరి అంగడివాడు ఒకే చీరకు మనిషిని బట్టి ధర చెప్పుటయు, బేరమాడలేనివాని నొత్తి తీయుటయు, మరమగ్గపు గుడ్డను చేనేత యని యంటగట్టుటయు మేము వినని సంగతులు కావు. ఊరివాడను నెపమున ఈ దోషములను మేము కప్పిపుచ్చము. కాని చవుక యను మాటకు లోతైన లెక్క యొకటి గలదు. 2013 ఏప్రిలు 24వ తేదీన బంగ్లాదేశమున ఢాకా చేరువ రాణాప్లాజా యను భవనము కూలి 1,100 మందికి పైగా మడిసిరి. వారిలో పెక్కుమంది పాశ్చాత్య దేశముల పెద్ద అంగళ్లకు చొక్కాలు కుట్టు పడుచులు. ముందునాడు గోడలు బీటలు వారినవని చూచియు వారిని పనికి రప్పించిరి. అంగడిలో ధర తగ్గినపుడెల్ల ఆ తగ్గిన యంతయు ఎవరో యొకరు చెల్లించియే యుందురు.

రైతు సోదరులకు ఈ లెక్క మఱింత దగ్గఱగా చెప్పవచ్చును. ఈ జిల్లాలో గోగు పండించువారు నార కొనువారు లేక కుములుట, జనుపనార మిల్లులు పలుమాఱులు మూతపడుట మన కండ్లయెదుట జరిగినదే. గోనెసంచి స్థానమును ప్లాస్టికు సంచి యాక్రమించుట అందుకొక ముఖ్య కారణము. ఆ రైతే అంగడికి పోయి పాలియెస్టరు చొక్కా కొనుచున్నాడు. పాలియెస్టరు నూలు పెట్రోలియమునుండి తీయబడునది, ప్లాస్టికుతో ఏకోదరము. తన నారను దెబ్బకొట్టిన వస్తువునే తన వీపున మోయుచు, నేతవాని నూలును దెబ్బకొట్టుచున్నానని యతడు తలపోయడు. నేతవాని కష్టమును రైతును, రైతు కష్టమును నేతవాడును ఎఱుగకున్నంతకాలము ఇద్దఱి బేరమును మూడవవాడే చేయును.

అదే రైలుదారిలో పొందూరు

గరివిడిలో బండియెక్కి ఉత్తరముగా చీపురుపల్లి దాటి పోయినచో అదే మార్గమున పొందూరు తగులును. శ్రీకాకుళ ప్రాంతపు సన్నఖాదీ 1921 నాటికే గాంధీమహాత్ముని దృష్టి నాకర్షించినది. అచ్చటి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము 1949లో నేర్పడినది. కొండప్రత్తి, పునాసప్రత్తి, ఎఱ్ఱప్రత్తి యని చుట్టుపట్ల పండు ప్రత్తి జాతులే దానికి మూలము. ప్రత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వుదురు. ఆ దవడలోని సన్నని పండ్లు దువ్వెనవలె పనిచేసి నలకలను తీసివేసి పోగులను తిన్నగా చేయును. పిదప గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి చెడకుండ ఎండిన అరటిబోదెలో చుట్టిపెట్టుకొని, ఒంటికదురు రాట్నముపై వడకుదురు. నూఱవ నంబరు, అంతకు మించిన సన్ననూలును ఈ చేతులు తీయుచున్నవి. ఇందు యంత్ర మేదియు లేదు. రాట్నము వడకువారు స్త్రీలు. వారిలో వృద్ధులే మెండు.

ఈ గుడ్డకు వెల యెక్కువ యని మనవా రందురు. ఎక్కువయే. ఒక పంచెలో ఎన్నినాళ్ల శ్రమ యున్నదో చూచినవాడు ఆ వెలలో వడకిన యామెకు చేరునది యెంత స్వల్పమో కనుగొని సిగ్గుపడును. దీనికి తోడు వంచన యొకటి. చేతితో వడకి చేతితో నేసినదే ఖాదీ యని 1956 నాటి ఖాదీ, గ్రామపరిశ్రమల సంఘపు చట్టము చెప్పుచున్నది. కొన్ని రకములు చేనేతకే చెందవలెనని 1985లో నొక చట్టము వచ్చినది. చేనేత ముద్ర 2006లోను, ఖాదీ ముద్ర 2013లోను ఏర్పడినవి. ఇన్ని యుండియు బజారున మరమగ్గపు గుడ్డ చేనేత పేరున నమ్ముడుపోవుచున్నది. కొనువారు ముద్ర యడుగకపోవుటయే దానికి బలము. 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించి జాతీయపతాకమునే యంత్రముపై, పాలియెస్టరుతో తయారుచేయవచ్చునని ప్రభుత్వము అనుమతించిన పిమ్మట, సామాన్యుని యొక్కనినే తప్పుపట్టుట న్యాయము గాదు. అయినను మన యింటి పెండ్లిలో ఏ గుడ్డ కట్టవలెనో నిర్ణయించువారము మనమే కదా!

పాతగుడ్డ మైల యగునా?

క్రొత్తబట్ట మాట యటుండనిచ్చి, కట్టి విడిచిన బట్ట సంగతి విచారింతము. మన పెద్దలయింట గుడ్డకు ఒక్క జన్మముతో తీరెడిది కాదు. అక్క లంగా చెల్లెలికి వచ్చును. తండ్రి పంచె నలిగి తుండుగుడ్డ యగును. పాతచీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టినచో బొంత యగును. ఉయ్యాల కట్టుటకు పాతచీరను మించినది లేదు. పసికందుకు క్రొత్తగుడ్డ గరుకని, ఉతికి ఉతికి మెత్తబడిన పాతగుడ్డలనే పొత్తిగుడ్డలుగా వాడుట మన ఆచారము. కట్టకడపట అది మసిగుడ్డయై పొయ్యికడ చేరును. మాసిక వేయుట, అతుకు వేయుట, చిరిగినచోట పోగులు కలిపి రఫ్ఫు చేయుట ఒకనాటి విద్యలు. ఇప్పుడు పోగు తెగిన దుస్తు పెంటపై పడుచున్నది.

పాతచీరలు తీసికొని స్టీలు గిన్నెలిచ్చు గంపలవారిని మన యిల్లాండ్రందఱు నెఱుగుదురు. ఒక గిన్నెకు ఎన్ని చీరలని గుమ్మమున సాగు బేరమును విననివారుండరు. ఆ గంప తరువాత నెచ్చటికి పోవునో విచారించువారే లేరు. మంచివి ఏరి, ఉతికి, కుట్టి, ఇస్త్రీచేసి సంతలలో మరల నమ్ముదురు. చెడినవి కత్తిరించి యంత్రశాలలలో నూనె తుడుచు గుడ్డలుగా నమ్ముదురు. ఢిల్లీలో రఘువీరనగరమందు తెల్లవాఱకమునుపే సాగు పాతబట్టల బజారునకు ఇట్టి గంపలే మూలము. ఉత్తరదేశమందలి పానిపట్టున పాత ఉన్ని దుస్తులను చీల్చి, మరల నూలుతీసి కంబళ్లు నేయుట గొప్ప పరిశ్రమయైనది. మనము పారవేసితి మనుకొన్న వస్తువు వేలమందికి అన్నము పెట్టుచున్నది.

అయినను ఒకరు కట్టిన బట్ట మఱియొకరు కొని కట్టుట మనలో తలవంపుగా నున్నది. మైల యందురు, అంటు అందురు. ఈ వాదమును మేము పరీక్షించితిమి. పెండ్లికొడుకులు రెండు దినములకు అద్దెకు తెచ్చు షేర్వానీలను అంతకుముందు ఎందఱు పెండ్లికొడుకులు తొడిగియుందురు! అచ్చట మైల యేల కనబడదు? నాటకములవారి పట్టుబట్టల మాట యేమి? చాకి రేవున నుడికిన గుడ్డకు అంటు లేదని మన శాస్త్రములు తెలిసినవారే యందురు. కావున రోత కలిగించునది మురికి కాదు, పేదఱికము. పాతబట్ట కొనువాడు లేమివాడని పదుగు రనుకొందురను భయమే మైల పేరు పెట్టుకొని తిరుగుచున్నది.

1921 నాటి వివాదము

పాతగుడ్డను ఏమి చేయవలెనను ప్రశ్న మన జాతీయోద్యమమున నొకమాఱు మహాపురుషుల నడుమనే చర్చకు వచ్చినది. 1921 జూలై 31వ తేదీన బొంబాయిలో విదేశవస్త్రముల గుట్టకు గాంధీమహాత్ముడు నిప్పంటించెను. దీనబంధు ఆండ్రూస్ దీనికి నొచ్చుకొని లేఖ వ్రాసెను. సోదరమానవులు నేసిన చక్కని వస్త్రములను కాల్చుట యాయన మనస్సునకు హింసగా తోచెను. మహాత్ముడు ఆ సెప్టెంబరు 1వ తేదీ యంగ్ ఇండియాలో దానికి ప్రత్యుత్తర మిచ్చెను. రవీంద్రనాథ ఠాకూరు అక్టోబరునందు మోడరన్ రివ్యూలో, కట్టుగుడ్డ లేనివారు దేశమున కోట్లుండగా తగులబెట్టు హక్కు మన కెక్కడిదని యడిగెను. ఆ బట్టలు వారివే యని ఆయన భావము. దానికి మహాత్ముడు అక్టోబరు 13వ తేదీన బదులు పలుకుచు, పేదకు కావలసినది పని యనియు, పని నీయక మనము విడిచిన గుడ్డలను విసరుట వాని నవమానించుట యనియు వాదించెను. ఈ నడుమ, సెప్టెంబరు 22వ తేదీన మధురలో, ఆయన నిండుదుస్తులు విడిచి కొల్లాయి కట్టెను.

ఇద్దఱును సత్యమే పలికిరని మా యభిప్రాయము. గుడ్డను నాశనము చేయుట శ్రమను నాశనము చేయుటయే. పేదవానికి మన విడుపులను భిక్షగా వేయుట వాని పౌరుషమును చంపుటయే. ఈ రెంటి నడుమ త్రోవ యొకటి గలదు: పాతగుడ్డను భిక్షగా గాక సరకుగా చూచుట. ఏరుట, ఉదుకుట, మాసిక వేయుట, ఇస్త్రీ చేయుట – ఇవి పనులు. ఈ పనులకు కూలి ముట్టవలెను. పిదప ఆ గుడ్డకు ఒక వెల కట్టి అంగట పెట్టవలెను. కొనువాడు తన సొమ్ముతో, తనకు నచ్చినదానిని, నచ్చని దానిని త్రోసిపుచ్చు హక్కుతో కొనవలెను. మహాత్ముడు కోరిన పనియు దక్కును, కవి కోరినట్లు గుడ్డయు దక్కును. ఢిల్లీలో 1999లో వెలసిన గూంజ్ సంస్థ పల్లెలలో చెఱువు పూడికతీత, బాటలు వేయుట వంటి పనులు గ్రామస్థులే చేసికొనగా వారికి బట్టలను దానముగా గాక ప్రతిఫలముగా నిచ్చు పద్ధతిని నడిపినది. దాని స్థాపకుడు అంశుగుప్తకు 2015లో మెగసెసే పురస్కారము లభించినది.

అయితే పాతబట్ట యంతయు నొకటి యనుకొనరాదు. ఆఫ్రికా ఖండమున జరిగినది మనకు పాఠము. పశ్చిమ దేశముల విడుపులు మూటలకొలది ఘానా దేశపు ఆక్రా నగరమున కంటమాంటో బజారునకు దిగుచున్నవి. వానిని అచ్చటి ప్రజలు చచ్చిన తెల్లవాని బట్టలను నర్థమిచ్చు పేరుతో పిలుతురు. వేలమంది దానివలన బ్రదుకుచున్నారు. 2025 జనవరి మొదటనే ఆ బజారు అగ్నిపాలుకాగా వారి దుఃఖమునకు మేర లేకపోయెను. కాని అమ్ముడుపోని చెత్త ఆ దేశపు కాలువలలో, సముద్రతీరమున పేరుకొనుచున్నది. తూర్పు ఆఫ్రికా రాజ్యములు ఈ దిగుమతిని క్రమముగా నాపవలెనని 2016లో తీర్మానించుకొనినవి. రువాండా పట్టుదలతో సుంకము పెంచగా, 2018లో అమెరికా ఆ దేశపు దుస్తులకు తానిచ్చుచుండిన సుంకపు మినహాయింపును నిలిపివేసెను. తన మగ్గమును కాపాడుకొనదలచిన చిన్న రాజ్యమునకు లభించిన బహుమాన మది! మన దేశము పాతబట్టల దిగుమతికి కట్టుబాట్లు విధించి, చీల్చి తొడుగుటకు పనికిరాకుండ చేసిన గుడ్డపీలికలనే రానిచ్చుట ఈ దృష్టితో మెచ్చదగినది. మన యింటి గుడ్డ మన యూర మఱియొకరి కుపయోగపడుట పొదుపు. పరదేశపు పెంట మన బజారున దిగుట దాస్యము. ఈ భేదమును మఱువరాదు.

చేయవలసిన దేమి?

పాతబట్టకు అంగడి పెట్టినచో నేతవాని గతి యేమని యొక ప్రశ్న రావచ్చును. 2019–20 నాటి చేనేత గణన ప్రకారము దేశమున 35 లక్షలకు పైగా జనులు మగ్గమును, దాని యనుబంధ పనులను నమ్ముకొనియున్నారు; వారిలో స్త్రీలే యధికులు. వీరి శత్రువు పాతబట్ట కాదు. రెండు ఉదుకులకు వెలిసిపోవు చవుకగుడ్డయే వీరి శత్రువు. ఏటికి పది చవుక చొక్కాలు కొను గృహస్థు, ఆఱు మానివేసి, ఆ సొమ్ముతో రెండు మంచి చేనేత చొక్కాలు కొని, ఊరి దర్జీచేత కుట్టించి, మిగిలినవానిని మాసిక వేయించి తొడిగినచో ఖర్చు పెరుగదు. నేతవానికిని దర్జీకిని పని పెరుగును. మంచి గుడ్డయే రెండవవాని చేతికి పోయి నిలువగలదు. కాబట్టి చేనేతయు పాతబట్టయు ఒకే పొదుపునకు రెండు ముఖములు.

గరివిడి, చీపురుపల్లి, రాజాము ప్రాంతముల గృహస్థులకు మా మనవి యిది. పెండ్లి బట్టల మూట యంతయు దూరపు మాళిగలలో కట్టించుకొనక, అందొక భాగమైన ఊరి అంగట కొనుడు. పంచెలు, ఉత్తరీయములు పొందూరివి కొని, ముద్ర చూచి పుచ్చుకొనుడు. రైతుసంఘములవారు, మహిళాసంఘములవారు సంక్రాంతికి నెలనాళ్ల ముందు ఇండ్లనుండి మంచి పాతబట్టలు వెలకట్టి తీసికొని, రజకులకు, కుట్టుపనివారికి కూలియిచ్చి శుభ్రపఱచి, ప్రతి యూర నొక చిన్న అంగడి నడిపి చూతురుగాక. దానికి ధర్మసత్రమని పేరు పెట్టకుడు; అంగడి యనియే పేరు పెట్టుడు. మొదట అచ్చటికి పోయి కొనవలసినవారు పేదలు కారు, ఊరిలో పేరున్నవారు. పెద్దరైతు తన బిడ్డకు అచ్చట నొక లంగా కొనినదినమున తలవంపు మాట తానే మాసిపోవును.

అంగళ్లవారికి నొక మాట. ఒకే వస్తువునకు ఒకే ధర వ్రాసిపెట్టుడు. చేనేతను చేనేతగా, మరమగ్గమును మరమగ్గముగా చెప్పి యమ్ముడు. రంగు నిలువని గుడ్డను నిలుచునని చెప్పకుడు. ఊరివారి యభిమానము మీకు మూలధనము. దానిని రెండు రూపాయల లాభమునకు కరగించుకొనినచో మఱి ఏ యుద్యమమును మిమ్ము కాపాడలేదు. పాలకులు మరమగ్గపు వంచనను పట్టి శిక్షించుట, వడకు స్త్రీల కూలిని పెంచుట, కుట్టు నేర్పు పాఠశాలలలో క్రొత్తదుస్తులతో పాటు మరమ్మత్తు విద్యను నేర్పించుట తమ కర్తవ్యముగా నెంచవలెను.

ఒకనాడు స్వదేశీ యనగా గుడ్డ ఎచ్చట పుట్టినదని యడుగుట. నేడు ఆ ప్రశ్న చాలదు. అది ఎందఱికి పని పెట్టినది, ఎన్ని యేండ్లు నిలిచినది, చిరిగిన పిదప ఎవరి చేతికి పోయినది యనియు నడుగవలెను. ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన గుడ్డ వెల యెంతైనను చవుకయే. నిలువని గుడ్డ ఉచితముగా వచ్చినను ప్రియమే.